రొంటిన దోపుకునేది

ఆంజనేయులుకి పిస్టల్ ఎంచుకోవడానికి పట్టినంత కాలం వాళ్ళమ్మాయికి సంబంధం చూడడానికి పట్టలేదు. ఈ మాట ఆయన భార్య శ్యామల నలుగురిలో కూర్చున్నప్పుడల్లా చెబుతుంది. అందులో అబద్ధమేమీ లేదు.

హ్యూస్టన్‌లో ఉండగా ఒక సాయంత్రం గ్యాస్ స్టేషన్ దగ్గర ఎవడో కుర్రాడు తుపాకి చూపించి ఆయన పర్సు లాక్కుపోయాడు. దెబ్బ తగల్లేదు, పోయిన డబ్బూ పెద్దగా లేదు. పోయింది ఆయన నిద్ర. టెక్సస్‌లో పిస్టల్ చొక్కా కింద పెట్టుకుని తిరగడం మనవాళ్ళు సెల్‌ఫోన్ పెట్టుకున్నంత మామూలు సంగతి కాబట్టి, ఆయన కూడా లైసెన్సు తీసుకుని కొట్ల వెంట తిరగడం మొదలుపెట్టాడు. పెద్దది నడుముకి పెడితే చొక్కా కింద కణితిలా పొడుచుకొచ్చింది. మరీ చిన్నది పేలిస్తే చేతిలో చేపపిల్లలా ఎగిరింది. ఇంకోటి అన్ని విధాలా బాగుంది గానీ, దాని పైభాగం వెనక్కి లాగి సిద్ధం చేయడానికి ఆయన వేళ్ళ కీళ్ళు ఒప్పుకోలేదు. ఆయన లోపల తూటాలు పేలుస్తుంటే శ్యామల బయట కారులో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది. ఆ ఏడాది వాళ్ళింట్లో చిక్కుడుకాయ కూరకి లోటు రాలేదు.

చివరికి మధ్యరకంది ఒకటి నచ్చింది. నచ్చాక ఆయన పెద్ద శాస్త్రం చెప్పాడు.

“మోసేవాడికి తెలియాలి, చూసేవాడికి తెలియకూడదు. కావాలంటే ఒక్క చేత్తో రావాలి, అక్కర్లేనప్పుడు దానంతటది కదలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, రోజూ మొయ్యబుద్ధెయ్యాలి శ్యామలా. ఇంట్లో వదిలేసొచ్చిన ఆయుధం లేనట్టే లెక్క.”

“చీరల కొట్లో నేను ఇన్ని రూల్స్ పెడితే ఊరుకుంటారా మీరు?” అంది శ్యామల.

ఆనాటి నుంచి ఆయన చొక్కాలన్నీ ఒక సైజు పెరిగాయి. పిస్టల్ ఎవరి మీదా గురిపెట్టే అవసరం రాలేదు. ఎవరింటికైనా వ్రతానికి వెళ్ళి కింద కూర్చుంటే కడుపులో గుచ్చుకునేది, అంతే. కానీ ఆయనకి నిద్ర తిరిగొచ్చింది. అందుకని శ్యామల ఆ ఇనప సవతిని ఏమీ అనలేదు.

రిటైరయ్యాక కథ మారింది. కూతురు చంద్రికకి ఎడ్మంటన్‌లో ఉద్యోగం, ఆమె కూతురు హర్షిణికి ఎనిమిదేళ్ళు. మొగుడూ పెళ్ళాలిద్దరూ అక్కడికి వచ్చేశారు. కెనడాలో పిస్టల్ నడుముకి పెట్టుకుని తిరగడం మామూలు మనిషికి కుదరదు. కొత్తగా కొనడం కూడా ప్రభుత్వం ఆపేసింది. ఆయన తన పిస్టల్‌ని హ్యూస్టన్‌లోనే లైసెన్సున్న స్నేహితుడికి అమ్మి, దాని తోలు ఒరని మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని వచ్చాడు.

“ఖాళీ ఒర ఎందుకండీ?” అని శ్యామల అడిగితే, “అలవాటు” అన్నాడు.

ఖాళీ ఒర కట్టుకున్న మనిషి గడప దాటడు. ఆ సంగతి ఎడ్మంటన్ వచ్చిన మొదటి వారంలోనే తేలిపోయింది. శ్యామలో, కూతురో వెంట ఉంటే సరే, ఒంటరిగా అయితే వాకిలి మెట్ల వరకే. ఎదురింటివాళ్ళు “హలో” అంటే ఆయన కుడిచెయ్యి నడుము మీదకి పోయేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఈయన ఎవరైనా పలకరిస్తే చాలు నడుము తడుముకునేవాడు. అక్కడ ఏమీ లేదని తెలిశాక ముఖం చిన్నబోయేది. అది చూసినప్పుడల్లా శ్యామలకి నవ్వు రాబోయి మధ్యలోనే ఆగిపోయేది.

ఒకరోజు ఆయన నోరు విప్పి చెప్పేశాడు. “నావల్ల కావట్లేదు శ్యామలా. డిసెంబర్ దాకా చూస్తాను. అప్పటికీ ఇంతే అయితే హ్యూస్టన్ వెళ్ళిపోదాం.”

శ్యామల సరేనంది. అని, స్నానాల గదిలోకి వెళ్ళి ఏడ్చింది. రోజూ పొద్దున్నే హర్షిణికి రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టడం, వేస్తున్నంతసేపూ ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్పే బడి కబుర్లు వినడం — ఆమెకిప్పుడు అంతకు మించిన సుఖం ఏదీ లేదు. ఆ జడలు వదులుకుని వెళ్ళాలంటే ఆమె ప్రాణం ఒప్పుకోలేదు.

ఏడుపయ్యాక ముఖం కడుక్కుని, ఆ ఒరలో ఏదో ఒకటి పెట్టాల్సిందే అని తీర్మానించుకుంది.

మొదట టార్చిలైటు తెచ్చింది. చొక్కా కింద పొడుచుకొచ్చింది. తర్వాత ఈల. “ఇది బరువే లేదు, ఉందో లేదో తెలియట్లేదు” అన్నాడు. ఎలుగుబంట్ల మీద కొట్టే స్ప్రే కొందామా అని చంద్రికని అడిగితే, “అమ్మా, అది అడవిలో ట్రెక్కింగ్‌కి. మనుషుల కోసం దాచుకుని తిరిగితే పోలీసులు పట్టుకుంటారు” అంది. చిన్న కల్వం రాయి పెట్టి చూసింది. బరువు చక్కగా సరిపోయింది. కానీ కూర్చోగానే ఆయన కెవ్వుమన్నాడు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే మనిషికి వస్తువు నచ్చజెప్పడం ఆ బ్రహ్మదేవుడి తరం కూడా కాదు.

శుక్రవారం పూజకి దీపం పెడుతుంటే ఆమె కళ్ళు కుంకుమ ఉంచిన ఇత్తడి డబ్బీ మీద పడ్డాయి. అది నిజానికి వాళ్ళ నాయనమ్మ వక్కపొడి డబ్బీ. అరచెయ్యంత పొడవు, బల్లపరుపుగా ఉంటుంది, లోపల కళాయి పూత, బొటనవేలితో జరిపే మూత. నాయనమ్మ దాన్ని రొంటిన దోపుకుంటే చీర కుచ్చిళ్ళలో ఉన్నట్టే తెలిసేది కాదు. అది లేకుండా ఆవిడ వీధి గుమ్మం దాటేది కాదు. పెళ్ళికి వెళ్ళినా, పేరంటానికి వెళ్ళినా ముందు ఆ డబ్బీ బయటికొచ్చేది, దాని చుట్టూ నలుగురు ఆడవాళ్ళు చేరేవారు.

శ్యామల కుంకుమని వేరే గిన్నెలోకి తీసి, డబ్బీ కడిగి ఆరబెట్టింది. వెల్లుల్లికారం కొట్టింది. ఇత్తడిలో పులుపు పెడితే కిలుం పడుతుందని చింతపండు వేయలేదు. డబ్బీ నింపి, ఆయన ఒరలో దోపింది. ఏళ్ళ తరబడి మెత్తబడ్డ తోలు దాన్ని కదలకుండా పట్టుకుంది.

ఆంజనేయులు నిలబడ్డాడు, కూర్చున్నాడు, వంగాడు. చొక్కా దించుకుని అద్దంలో చూసుకున్నాడు. ఒక్క చేత్తో సర్రున తీశాడు. మూత బొటనవేలు ఆనించేదాకా కదల్లేదు, ఆనించగానే జరిగింది.

“కొంచెం బరువు తక్కువ” అన్నాడు.

“నిండా కారం ఉంది. ఇంకేం కావాలి మీకు?” అంది శ్యామల.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని పక్కవీధి కమ్యూనిటీ హాలుకి లాక్కెళ్ళింది. అక్కడ శుక్రవారాలు పెద్దవాళ్ళకి సూప్ పోస్తారు. అందులో బంగాళాదుంపలున్నాయి, కారట్లున్నాయి, రుచి మాత్రం లేదు. పథ్యం కూడా దానికన్నా నయం. ఎదుటి కుర్చీలో గ్లెన్ అని ఒక మాజీ లారీ డ్రైవరు కూర్చున్నాడు. మనిషి తలుపంత ఉన్నాడు, గెడ్డం ఛాతీ దాకా ఉంది, రెండు చేతులకీ పచ్చబొట్లు. ఆంజనేయులు చెయ్యి అలవాటుగా నడుము మీదకి పోయింది. ఈసారి అక్కడ ఒకటి తగిలింది. తగిలింది కదా అని తీశాడు. తీశాడు కదా అని సూప్‌లో చల్లుకున్నాడు.

గ్లెన్ ముక్కు ఎగబీల్చి, తన గిన్నె ముందుకి జరిపాడు. ఒక చిటికెడు. ముఖం ఎర్రబడింది, కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ముక్కు తుడుచుకుని మళ్ళీ గిన్నె జరిపాడు. పక్క బల్ల వాళ్ళు కుర్చీలు లాక్కున్నారు. ఇంటికొచ్చేటప్పుడు డబ్బీ ఖాళీ. దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు, శ్యామలకి సందివ్వలేదు.

అయినా తర్వాతి శుక్రవారాలన్నిటికీ ఆమె వెంట ఉండాల్సిందే. ఒంటరిగా గడప దాటడం మాత్రం జరగలేదు. డిసెంబర్ వచ్చేసింది. మంచు మోకాళ్ళ దాకా పడింది. ఆయన ఫోనులో హ్యూస్టన్ టికెట్ల ధరలు చూస్తుండడం శ్యామల కంటపడింది.

ఒక ఉదయం చంద్రికకి ఆఫీసులో మీటింగు, త్వరగా వెళ్ళిపోయింది. హర్షిణిని రెండు వీధుల అవతల బడి బస్సు ఎక్కించాలి. శ్యామల రెండో జడ రిబ్బన్ ముడి వేసి, నడుం పట్టుకుని కుర్చీలో కూలబడింది.

“ఏవండీ, నాకు నడుం పట్టేసింది. మీరే దింపి రావాలి.”

ఆ నడుంనొప్పి సంగతి దేవుడికీ ఆమెకీ తెలుసు.

ఆయన లేచాడు. కోటు వేసుకున్నాడు, ఒర తడిమి చూసుకున్నాడు, మనవరాలి చెయ్యి పట్టుకుని మెట్లు దిగాడు. వాళ్ళు మలుపు తిరగగానే శ్యామల బూట్లు తొడుక్కుని వెనకే బయల్దేరింది. చెట్టు చాటు నుంచి చెట్టు చాటుకి, జారుతూ, తమాయించుకుంటూ.

బస్ స్టాప్ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఇంతలో ఒక పెద్ద ట్రక్కు వచ్చి పక్కనే ఆగింది. ముఖం మీదకి టోపీ లాక్కున్న మనిషి దిగి, “హే, యూ” అని గట్టిగా అరుస్తూ వాళ్ళ వైపు నడిచాడు. ఆంజనేయులు మనవరాలిని తన వెనక్కి నెట్టాడు. చెయ్యి కోటు కిందికి పోయింది. ఒక్క చేత్తో, సర్రున, డబ్బీ బయటికొచ్చింది.

ఆ మనిషి ఆగి, టోపీ వెనక్కి తోశాడు. గెడ్డం బయటపడింది. గ్లెన్. జేబులోంచి కాగితంలో చుట్టిన కోడిగుడ్డు శాండ్‌విచ్ తీసి, రెండు బ్రెడ్డు ముక్కలూ విడదీసి ముందుకి చాపాడు.

“తాతా, హీ వాంట్స్ ద పొడి” అంది హర్షిణి, తాత వెనక నుంచి తొంగి చూస్తూ.

ఆంజనేయులు భుజాలు ఊగడం మొదలైంది. ఏడుస్తున్నాడేమో అనుకుంది శ్యామల. ఏడుపు కాదు. కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. నవ్వుతూనే బొటనవేలితో మూత జరిపి, గుడ్డు మీద కారం ధారాళంగా చల్లాడు. గ్లెన్ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. బస్సు వచ్చింది, పిల్ల ఎక్కి చెయ్యి ఊపింది.

శ్యామల పరుగులాంటి నడకతో ఇల్లు చేరి కుర్చీలో నడుం పట్టుకుని కూర్చుంది. ఆయన వచ్చి బూట్ల మంచు దులుపుకున్నాడు. ఆమె బూట్ల వైపు కూడా ఒకసారి చూశాడు. అవీ తడిగానే ఉన్నాయి.

ఖాళీ డబ్బీ ఆమె ముందు పెట్టాడు.

“ఇలాంటిది ఇంకోటి దొరుకుతుందా శ్యామలా?”

“ఎందుకండీ?”

“ఎడమవైపుకి. రేపట్నుంచి రోజూ హర్షిణిని నేనే దింపుతా. ఒక్కటి సరిపోదు.”

శ్యామల నడుంనొప్పి మరిచిపోయి లేచి, వెల్లుల్లిపాయల బుట్ట అందుకుంది.