కూర్చోని కోడలు

ఎండాకాలం రాగానే బిష్కెక్ నగరంలో పైపులు బాగుచేస్తామంటూ ఇళ్లకొచ్చే వేడినీళ్లు కట్టేస్తారు. బాగుపడిన పైపును చూసినవాడు మాత్రం ఇంతవరకు లేడు. బూరుల్ ఇంట్లో ఆ లోటు తెలియలేదు. కోడలు ఐజమాల్ తన చంటిపాప నిద్రలో ఉండగానే, తెల్లవారకముందే లేచి, అత్తగారి స్నానానికి గిన్నెలకొద్దీ నీళ్లు కాచేది. "మా కోడలికి అలుపన్నది తెలీదు" అని బూరుల్ మెట్లమీద కనిపించిన ప్రతి ఇల్లాలికీ చెప్పేది. విన్నవాళ్లు ఇంటికెళ్లి తమ కోడళ్లను తిట్టుకునేవారు.

మత్తుకు బానిసలైన వాళ్లకు, వాళ్ల కుటుంబాలకు తోడు నిలిచేందుకు, ఆ నరకం చూసి బయటపడినవాళ్లకే శిక్షణ ఇస్తున్నారని తెలిసి బూరుల్ చేరింది. భర్త వోద్కాతో పోయాడు గనుక ఆమెకు అర్హత ఉంది. అయితే అలాంటి చోటికి వెళ్తోందని తెలిస్తే పరువేం కాను? ఇంట్లో మాత్రం రక్తపోటు గురించి ఉపన్యాసాలని చెప్పింది.

నేర్పే తుర్గునాయ్ ఒకప్పుడు తానే మత్తుమందుల్లో కూరుకుపోయిన మనిషి.

"సలహా ఇవ్వకండక్కా, వినండి."

"నేను వింటూనే చెప్తానమ్మా. తాగినవాణ్ణి వీధి చివరినుంచే పసిగడతా!"

"అందుకే దగ్గరున్నవాళ్లు కనపడరు మీకు," అంది తుర్గునాయ్. అందరూ నవ్వారు. బూరుల్ కూడా నవ్వింది.

చివరిరోజు, నిజంగా సాయం కోరే మనిషి వస్తుందన్నారు. తలుపు తెరుచుకుంది. వచ్చింది ఐజమాల్.

"ఏమైందే? పాపకేమైనా అయిందా?" అంటూ బూరుల్ కంగారుపడింది. తనకోసమే వచ్చిందనుకుంది. కోడలి మొహం పాలిపోయింది. ఏం చేయాలో తోచక, అలవాటు కొద్దీ టీ కెటిల్ అందుకుని అందరి టీ గిన్నెల్లోనూ, అక్కడి మర్యాద ప్రకారం సగం సగం పోయసాగింది. కెటిల్ మూత టకటకలాడుతోంది. అప్పుడు చూసింది బూరుల్, ఆ చేతుల వణుకు. సాయం కోరి వచ్చింది తన కోడలేనని అప్పుడర్థమైంది.

"కూర్చోమ్మా," అంది తుర్గునాయ్.

"అత్తయ్య కూర్చున్నారు కదండీ."

అత్త ముందు కోడలు కూర్చోవడం ఆ ఇంట్లో ఏనాడూ లేదు. "నేను పొరపాటున వచ్చాను," అంటూ ఐజమాల్ తలుపువైపు కదిలింది.

"ఈ గుమ్మం దాటిందంటే మళ్లీ రాదక్కా," అని తుర్గునాయ్ గొణిగింది.

బూరుల్ లేచింది. కోడలి చేతిలోంచి కెటిల్ లాక్కుని, "నా కుర్చీలో కూర్చో. నువ్వు కూర్చునేదాకా నేనిలాగే నిలబడతా," అంది. అత్తమాట కాదనడమూ తప్పే, అత్త నిలబడితే కూర్చోవడమూ తప్పే. రెండు తప్పుల్లో చిన్నదేదో తేలక ఐజమాల్ కుర్చీ అంచున ఒదిగింది.

"కాన్పయ్యాక నడుంనొప్పికి మాత్రలేసుకున్నా. తర్వాత పొద్దున్నే లేవడానికి. ఇప్పుడవి లేకపోతే పాపను ఎత్తుకోవాలన్నా భయమేస్తోంది."

"మరి నాకు ఒక్కమాట..."

"అలుపు లేదని ఊరంతా చెప్పారు కదత్తయ్యా. ఇంక నేనేం చెప్పను?"

జీవితంలో మొదటిసారి బూరుల్ వింది.

తుర్గునాయ్ మెల్లగా అంది: "తాగి పడిపోయినవాణ్ణి అందరూ చూస్తారక్కా. నిలబడి పనిచేస్తున్నవాళ్లను ఎలా ఉన్నావని ఎవరూ అడగరు. 'బాగున్నాను' తప్ప ఇంకోమాట చెప్పనివ్వని ఇంట్లోకి మత్తు చుట్టంలా చెప్పులిప్పి మరీ వస్తుంది."

ఐజమాల్ వైద్యం మొదలైంది. తోడు వెళ్లేది బూరులే. కానీ శనివారం పాప తొలి అడుగుల పండుగ. బంధువులంతా దిగుతారు. అత్త టీ పోస్తుంటే, కోడలు కూర్చుని తాగుతుంటే, "దీనికేమొచ్చింది?" అని తప్పకుండా అడుగుతారు. నిజం చెబితే నలుగురి నోళ్లలో ఆ పిల్ల నలుగుతుంది. అబద్ధమాడితే మళ్లీ ఆ 'బాగున్నాను' దగ్గరికే వెళ్లిపోతుంది. బూరుల్‌కు పాలుపోవడం లేదు, చెబుతున్న నాకూ అంతే. అయ్యా, అమ్మా, మీ ఇళ్లలో ఇలాంటిది గట్టెక్కినవాళ్లుంటే, ఆ బంధువులకేం చెప్పాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. శనివారంలోగా.