కట్టుడు పళ్ళ డబ్బా

నిన్న, పన్నెండో తేదీ పొద్దున ఉడికిన గుడ్డు, కాల్చిన రొట్టె, తన చేత్తోనే తొక్క వొలుచుకున్న అరటిపండు, మధ్యాహ్నం పొగలు కక్కే అన్నం, సాయంత్రం నాలుక కాలేంత వేడి సూపు, మరి వీటిలో కడుపు చెడగొట్టిన దొంగ ఎవరు, అనుకుంటూ ఆయన పరాయి దేశపు హోటల్ గదిలో మోకాళ్ళు పొట్టకి ఆనించుకుని పడుకున్నాడు, కడుపులో మళ్ళీ ఎవరో ఖాళీ బిందె దొర్లించారు, ఇన్నేళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాడికి ఇంత చిన్న లెక్క తేలదేం, బావమరిది తిన్నవే తనూ తిన్నాడు, పైగా వాడు వీధిలో కోసి పెట్టిన పండుముక్కలు లాగించాడు, ఐసు వేసిన రసం తాగాడు, అయినా గుండ్రాయిలా ఉన్నాడు, తనేమో సీసా మూత చిటుక్కుమంటే తప్ప నీళ్ళు ముట్టలేదు, పుక్కిలించడానికీ అవే, స్నానం చేసినంతసేపూ నోరు బిగించుకునే ఉన్నాడు, బావా, స్నానమా మౌనవ్రతమా అని వాడు తలుపవతల నుంచి ఎకసెక్కం కూడా ఆడాడు.

రేపు పొద్దున్నే దీవికి పడవ, మళ్ళీ వారం దాకా ఇంకోటి లేదు, ఈలోపు తిరుగు ప్రయాణం, పోయినేడు కన్నుమూసిన భార్య వంటింటి క్యాలెండర్లో ఆ దీవి మీది తెల్లటి దీపస్తంభాన్ని చూసి, ఒక్కసారి దాని మెట్లెక్కాలండీ అనేది, తెల్లారేసరికి కడుపు కుదుటపడితేనే పడవెక్కమన్నాడు డాక్టరు, జ్వరమొస్తే వెంటనే రమ్మన్నాడు, జ్వరం లేదు, అదే పదివేలు, బావమరిది ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు గ్లాసులో తెచ్చాడు, తాగు బావా, మూతి ముడవకు, ఇప్పుడెలా ఉంది, ఆగిందిరా, ఆగిందా, పడవ కోసం ఆపావా, ఏం మాటల్రా అవి అని నవ్వబోతే పొట్ట పట్టేసింది.

గ్లాసు ఖాళీ చేసి కట్టుడు పళ్ళు తీసి ఇచ్చాడు, వాడు డబ్బా తీసుకుని స్నానాలగదిలోకి వెళ్ళాడు, కుళాయి తిప్పిన చప్పుడు, ఆ చప్పుడు విని ఆయన దిగ్గున లేచి కూర్చున్నాడు, ఒరేయ్ ఆపు, బోసినోట్లోంచి గాలే వచ్చింది గానీ మాట రాలేదు, ఆపరా, దొంగ దొరికాడు, వచ్చిన్నాటి నుంచీ ఆ పళ్ళు తెల్లవార్లూ నానింది కుళాయి నీళ్ళలోనే, పొద్దున్నే వాటినే నోట్లో పెట్టుకుని, ఆ నోటితోనే జాగ్రత్తగా సీసా నీళ్ళు తాగాడు, బావమరిది పడీపడీ నవ్వి, నీ చదువుకో దణ్ణం బావా అంటూ డబ్బా కడిగి, కెటిల్లో నీళ్ళు మరిగించి పొయ్యబోయాడు, చల్లారనీరా, మరిగే నీళ్ళకి పళ్ళు వంకరపోతాయి, అని తన నోట వచ్చిన మాట ఎక్కడిదో, ఎవరు చెప్పారో, ఆవిడే కదూ, ఏ ఊరెళ్ళినా పడుకునేముందు వంటవాణ్ణడిగి వేణ్ణీళ్ళు తెచ్చి, గిన్నె మీద చెయ్యి పెట్టి చూస్తూ కూర్చునేది, ఎందుకే ఈ కాపలా అంటే, మీరు పడుకోండి అనేది, ఆ నీళ్ళు ఆవిడ గొంతునొప్పికేమో అనుకుని ఆయన అటు తిరిగి పడుకునేవాడు, ఇన్ని ప్రయాణాల్లో ఒక్కసారీ కడుపు చెడలేదని అందరికీ గొప్పలు చెప్పుకున్నాడే, అది తన జాగ్రత్త కాదు, ఆవిడ మానుకున్న నిద్ర.

బావమరిది మరిగిన నీళ్ళు గ్లాసులో వొంపి, దాని మీద చెయ్యి పెట్టి చూశాడు, అచ్చం అక్కలాగే, డబ్బాలో నీళ్ళు పోసి తలాపున పెట్టాడు, ఆయన బూట్లు తెచ్చి గుమ్మం దగ్గర వరసగా పెట్టి, దీపం ఆర్పి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేశాడు.