చివర చేరినవారు

"గ్రేవీ చల్లారిపోయింది," అన్నాడు గారెట్.

ఎవరితోనూ అనలేదు. గిన్నె వైపు చూస్తూ, దానికే చెబుతున్నట్టు అన్నాడు. మా ఆయన మాటల్లో సగం ఇలా గాల్లోకే వెళ్తాయి, కాకపోతే వచ్చి వాలేది మాత్రం నా మీదే. గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద గ్రేవీ కలుపుతుంటే భోజనాల గదిలోంచి అందరూ ఒక్కసారి నవ్వడం వినిపించింది. ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం ఈ ఇంట్లో జోకుల చివరి ముక్కలే వింటున్నాను. మొదళ్ళు ఎలా ఉంటాయో ఊహించుకోవాల్సిందే.

మా మామగారు విన్‌స్లో లాయరు. ఇల్లు వాషింగ్టన్‌లో, సుప్రీం కోర్టుకి నడిచి వెళ్ళేంత దగ్గర. ఆ కోర్టులో ఆయన జీవితంలో ఒకే ఒక్కసారి వాదించాడు. ఓడిపోయాడు. ఆ రోజు లాయర్ల బల్ల మీద పెట్టిన తెల్ల బాతు ఈక కలాన్ని ఫ్రేము కట్టించి భోజనాల బల్ల పైన వేలాడదీశాడు. "గెలిచినవాడికీ ఇదే ఇస్తారు, ఓడినవాడికీ ఇదే ఇస్తారు. అదీ మర్యాదంటే," అంటాడు. బల్ల దగ్గర ఆయన్ని అందరం చీఫ్ అనే పిలవాలి. తినే ముందు జడ్జీల్లాగే అందరూ అందరితో చేతులు కలపాలి. వైన్ సీసా తీస్తూ, పాతకాలం జడ్జీలు వాన పడితేనే తాగుదామని ఒట్టు పెట్టుకున్న కథ చెబుతాడు. ఎండ కాస్తుంటే వాళ్ళ చీఫ్ కిటికీలోంచి చూసి, "మన అధికారం ఇంత పెద్ద దేశం మీద ఉంది, ఎక్కడో ఒకచోట వాన పడుతూనే ఉంటుంది, పొయ్యండి," అన్నాడట.

పెళ్ళైన కొత్తలో ఇదంతా ముసలాయన పిచ్చి అనుకున్నాను. తర్వాత నాకూ పట్టుకుంది. మొదటిసారి కొలువుతీరిన రోజున సరిపడా జడ్జీలే రాక, మర్నాటికి వాయిదా వేసుకున్న కోర్టు అది. విందామంటే కేసుల్లేవు. నూటేభై ఏళ్ళ దాకా సొంత ఇల్లు లేదు, కొన్నాళ్ళు పార్లమెంటు భవనం కింది అంతస్తులో తలదాచుకుంది. జడ్జీలు గుంతల రోడ్ల మీద గుర్రాలెక్కి ఊరూరా తిరిగి తీర్పులు చెప్పారు, సత్రాల్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ పక్కన పడుకున్నారు. అలాంటి కోర్టు మాటకి ఇవాళ దేశాధ్యక్షుడు కూడా తలవంచాలి. నేను కోడ్ రాసే మా స్టార్టప్ కూడా ఇలాగే మొదలైంది, కానీ మా మాట మా ప్రింటరు కూడా వినదు.

అన్నిటికన్నా నాకు నచ్చింది తలుపు ఆచారం. జడ్జీలు తీర్పుల గురించి మాట్లాడుకునే గదిలో తొమ్మిదిమందే ఉంటారు. గుమస్తా కూడా ఉండడు. ఎవరైనా తలుపు తడితే అందరికన్నా చివర చేరిన జడ్జి లేచి తియ్యాలి. మాట్లాడటంలోనూ చివరి వంతు వాళ్ళదే, కానీ ఆ వంతు వచ్చేదాకా ఎవరూ రెండోసారి నోరెత్తకూడదు. మొదటి మహిళా జడ్జి వచ్చినప్పుడు ఆవిడే తలుపు తీసింది. కొన్నేళ్ళకి ఒక మగ జడ్జి కొత్తగా వచ్చాడు, తలుపు పని ఆయనకి వెళ్ళింది. అంతే. ఎవరూ ఆయన్ని కూర్చోబెట్టి ఆవిడ వైపు చూడలేదు.

పెళ్ళైన మొదటి ఆదివారమే చీఫ్ నాకు ఆ పదవి ఇచ్చాడు. "మిరియం, కోర్టులో అందరికన్నా కొత్తదానివి నువ్వే. తలుపూ వంటిల్లూ నీవి." వంటిల్లు ఏ కోర్టులో ఉందని అప్పుడు అడగలేదు. ఈ బల్ల దగ్గరా మాటలు వంతుల ప్రకారమే, కానీ నా వంతు వచ్చేసరికి నేను యాపిల్ పై కోసమో కాఫీ కోసమో లోపల ఉంటాను. తిరిగొచ్చేసరికి సభ ముగుస్తుంది.

పోయిన నెల మా ఆడపడుచు ఫ్రాన్సీన్‌కి పెళ్ళైంది. డెస్మండ్ అల్లుడి హోదాలో బల్ల దగ్గర కూర్చోవడం ఇదే మొదటిసారి. వారమంతా ఈ ఆదివారం కోసమే ఎదురుచూశాను. ఒక్కసారి నా వంతుకి నా కుర్చీలో ఉండాలి, అంతే నా కోరిక. కానీ ఇందాక గ్రేవీ దగ్గర అలవాటుగా కాళ్ళే లేచేశాయి.

గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నానో లేదో, వీధి తలుపు తట్టారు. ఐదు మొహాలూ నా వైపు తిరిగాయి. డెస్మండ్ మొహం కూడా. పాపం, వచ్చి గంట కాలేదు, అప్పుడే నేర్చేసుకున్నాడు.

"మిరియం, తలుపు," అన్నాడు గారెట్.

"చీఫ్, నాదొక మనవి," అన్నాను. "ఈ బల్ల దగ్గర చివర చేరింది ఎవరు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు? బయట ఎవరో ఎదురుచూస్తున్నారు," అన్నాడు గారెట్.

"నీ వంతు అయిపోయింది అన్నయ్యా," అంది ఫ్రాన్సీన్. "రెండోసారి మాట్లాడుతున్నావు."

"డెస్మండ్ అతిథి కదే."

"మొదటి ఆదివారం నేనూ అంతే," అన్నాను. "కోడ్‌లో ఇలాంటివి చూస్తుంటాను చీఫ్. రూలేమో 'చివర చేరినవారు' అంటుంది. లోపల ఎక్కడో ఎవరూ రాయని షరతు ఉంటుంది, 'ఆడదైతేనే' అని. అలాంటిది ఉందా, లేదా? ఉందంటే చెప్పండి, ఇప్పుడే వెళ్ళి తీస్తాను."

చీఫ్ నన్ను చూశాడు. ఒకసారి తలెత్తి ఈకని చూశాడు. ఆ కోర్టంటే ఆయనకి నిజంగానే ప్రాణం. ఆ క్షణంలో దాని పేరు పాడుచెయ్యడం ఆయన వల్ల కాలేదు.

"లేదు," అన్నాడు. "మనవి న్యాయమైనదే. డెస్మండ్, తలుపు."

"ఓ, నేనా? దానికేం," అంటూ డెస్మండ్ నేప్‌కిన్ మెడలోనే ఉంచుకుని పరిగెత్తాడు. నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. నా ప్లేటులో మాంసం ఇంకా వేడిగానే ఉంది.

"సరే, మిరియం వంతు," అన్నాడు చీఫ్.

ఆరేళ్ళుగా దాచుకున్నవి చాలా ఉన్నాయి. నోరు తెరిచాను. అంతలో మా అత్తగారు లియోనా ఫోర్కు కింద పెట్టింది. ఈ బల్ల దగ్గర ఆవిడ వంతు ఎప్పుడూ "నాకేం లేదు, కానివ్వండి" అనే మాటతో అయిపోతుంది.

"నాకో చిన్న సందేహం విన్‌స్లో," అంది. "మిరియం రాకముందు ఈ తలుపు నాదే కదా."

"అవును మరి. అప్పట్లో నువ్వే జూనియర్‌వి."

"గారెట్ పుట్టేదాకా."

చీఫ్ గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

"వాడు నా తర్వాతే కదా ఈ ఇంట్లో చేరింది," అంది అత్తయ్య. "వాడి తర్వాత ఫ్రాన్సీన్. మరి ఇన్నేళ్ళూ నేనెందుకు లేచాను?"

"పసిపిల్లాడు తలుపెలా తీస్తాడు లియోనా?"

"పసిపిల్లాడిగా ఎన్నేళ్ళున్నాడు విన్‌స్లో?"

చీఫ్ గ్లాసు దించాడు. తర్వాత, వంతు నాదని గుర్తొచ్చినట్టు, కాస్త ఆశగా నా వైపు చూశాడు.

"నా వంతు కూడా అత్తయ్యకే ఇస్తున్నాను చీఫ్," అన్నాను.