వీపు కనబడే బొమ్మలు

"నీ వీపు ఫొటోలో బాగా పడుతుందమ్మా" అన్నాడు మ్యూజియం ప్రచార విభాగం మేనేజరు, ఆమె అక్కడ ఇంటర్న్‌గా చేరిన కొత్తలో. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. పేపర్లకు పంపే ఫొటోలో బొమ్మ ఒక్కటే ఉంటే బోసిగా ఉంటుందట. దాని ముందు ఎవరో ఒకరు నిలబడి మైమరచి చూస్తూ ఉండాలట. ఆ ఎవరో ఒకరు పేరున్న మనిషి కాకూడదు, ముఖం కనబడకూడదు, డబ్బు అడగకూడదు. ఇన్ని సుగుణాలున్న మనిషి టీ కప్పులు సర్దుతూ ఎదురుగానే దొరికింది.

అప్పటినుంచి ఊళ్లో పేపర్లన్నింటిలో ఆమె వీపు పడుతూనే ఉంది. భర్త పేపరు మడుస్తూ, "జడ కాస్త బిగించి వేసుకోవాల్సింది" అన్నాడు. అత్తగారు కళ్లజోడు సవరించుకుని చూసి, "ముఖం చూపించక్కర్లేని ఉద్యోగం. పోనీలే, మర్యాదగానే ఉంది" అని తృప్తిపడింది. అసలు జీతం లేని కొలువుకు రోజూ బస్సెక్కడమేమిటని మొదట్లో ఇంట్లో పెద్ద గొడవే జరిగింది. "ఊరికే చాకిరీ చెయ్యడానికి అంత దూరం పోవాలా? ఇంట్లో చాలట్లేదా?" అన్నాడు భర్త. గొప్ప జోకు వేశాననుకుని తనే నవ్వాడు. జీవితంలో మొదటిసారి నిజం చెప్పాడని పాపం అతనికి తెలియదు. ఆమె మాత్రం వంటా, పిల్ల జడలూ, అత్తగారి మందులూ ముగించుకుని పరుగెత్తుతూనే ఉంది. ఈ పెద్ద ప్రదర్శన అయ్యాక ఉద్యోగం ఖాయం చేస్తానని మేనేజరు మాటిచ్చాడు మరి.

ప్రదర్శన ఒక పేరుమోసిన చిత్రకారుడిది. హాలు గోడల నిండా ఒకే స్త్రీ. అన్ని బొమ్మల్లోనూ అటు తిరిగే ఉంటుంది. వంచిన మెడ, ముడివేసిన కొంగు, మోచేతుల దాకా తడి. ఆ వరుసకు ఆయన పెట్టుకున్న పేరు 'అపరిచిత'. పేపర్లకిచ్చే ప్రకటన ఆమే రాసింది. "ముఖం చూపని స్త్రీలోని అంతుచిక్కని రహస్యం" అన్న వాక్యం మాత్రం మేనేజరు దగ్గరుండి చేర్పించాడు.

ప్రారంభం రోజు పొద్దున మంచినీళ్లు అందిస్తూ వెళ్తుంటే, మూల బెంచీ మీద ఒక పెద్దావిడ కనిపించింది. ఒళ్లో ఫ్లాస్కు, మందుల డబ్బా, మగవాళ్ల శాలువా.

"ఎవరితో వచ్చారు అమ్మగారూ?"

"ఆయనతో. ఆ గోడల మీద ఉన్నది నేనేలే."

ఆమె గ్లాసు అందించబోతూ గోడల వైపు చూసింది. "మరి అన్నింటిలోనూ అటే తిరిగి ఉన్నారేమిటి?"

"అటువైపే కదమ్మా సింకు ఉంది!"

"ఒక్కసారైనా ఇటు తిరగమనలేదా?"

"ఎందుకనలేదు, అన్నాడు. తిరిగాను. కాఫీ అడిగాడు." పెద్దావిడ గ్లాసు అందుకుని గటగటా తాగింది. "పొద్దున్నించి ఇక్కడ నన్నెవరైనా పలకరించారంటే నువ్వేనమ్మా."

ఆమె పరుగున మేనేజరు దగ్గరికి వెళ్లింది. బొమ్మల్లోని మనిషి ఇక్కడే ఉందనీ, ఆవిడ మాట కూడా ప్రకటనలో పెడదామనీ చెప్పింది. అతను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "సింకు అని రాస్తే ఎవడొస్తాడమ్మా? అపరిచిత అంటేనే కదా అందం! ఆవిణ్ణి ఇంకాస్త అవతల కూర్చోబెట్టు, ఫ్రేములో పడుతోంది."

చిత్రకారుడు మైకు ముందు గొంతు సవరించుకున్నాడు. "ఒకే కప్పు కింద ఇన్నేళ్లున్నా స్త్రీ నాకు అర్థం కాలేదు" అన్నాడు. హాలంతా చప్పట్లు. ఆమె చేతులు కదల్లేదు. ఒక మనిషిని అర్థం చేసుకోవడం చేతకానందుకు చప్పట్లా? ఆ లెక్కన తన ఇంట్లో ఉన్నవాడికి శిలావిగ్రహమే పెట్టించాలి. ఉప్పు డబ్బా ఎక్కడుందో కూడా అతనికి ఇంతవరకు అర్థం కాలేదు. ఇంట్లో అతని వెనక, ఇక్కడ ఈయన వెనక నిలబడి, వీళ్ల చేతకానితనాన్ని గొప్ప సంగతిగా ముస్తాబు చేసి ఊరికి చాటడమేనా తనకు ఖాయం కాబోయే ఉద్యోగం? ఆమెకు కోపం కూడా రాలేదు. కోపం రావాలన్నా ఎదుటివాడి మీద కాస్తయినా గౌరవం ఉండాలి.

"రామ్మా, టైమైంది. వీపు!" అని కేకేశాడు మేనేజరు. దగ్గరికొచ్చాక గొంతు తగ్గించి, "ఈ ఒక్క ఫొటో బాగా రానీ, సాయంత్రం నీ ఆర్డరు మీద సంతకం పెట్టించేస్తాను" అన్నాడు.

ఆమె మూల బెంచీ దగ్గరికి వెళ్లింది. "అమ్మగారూ, ఒక్క నిమిషం నాతో రండి." ఆమే పెద్దావిడ ఒళ్లోని ఫ్లాస్కూ డబ్బా శాలువా తీసి, వెంటపడి వచ్చిన మేనేజరు చేతుల్లో పెట్టింది. "పట్టుకోండి సార్, ఆయనవే" అంది. అంతమంది విలేకరుల ముందు వాటిని ఎక్కడ పడెయ్యాలో తెలియక అతను అలాగే నిలబడిపోయాడు. ఇక ఆ సంతకం పడదని ఆమెకు తెలుసు.

ఇద్దరూ పెద్ద బొమ్మ ముందుకు వెళ్లి, దానికి వీపులు ఆనించినంత దగ్గరగా నిలబడి కెమెరా వైపు చూశారు.

ఫొటోగ్రాఫరు తికమకపడ్డాడు. "అటు తిరగాలమ్మా, అటు!"

పెద్దావిడ కొంగు ముడి విప్పి దులుపుకుంది.

"ఇవాళ అటు సింకు లేదుగా బాబూ, తియ్యి."