పూజగదిలో తిమింగలం చెవి

నైనిక బ్యాగులో స్వెటర్లు సర్దుతూ అనంతలక్ష్మి ఒక్కో జిప్పునూ మళ్ళీ మళ్ళీ లాగి చూసింది. మనవరాలు తిరిగి ఆరెగాన్ తీరానికి, సముద్ర జంతువుల ఎముకలు పరిశీలించే ల్యాబ్‌కి బయల్దేరుతోంది.

ఈసారి ఆ పిల్ల ఒక పని మీద వచ్చింది. పోయిన ఏడాది ఓడ కొట్టి ఒడ్డుకి చేరిన తిమింగలం అస్థిపంజరాన్ని వాళ్ళు కూర్చుతున్నారు. విరిగిన పక్కటెముకలు అతుక్కోలేదు కాబట్టి ఆ దెబ్బతోనే పోయిందని తేలింది. అంత పెద్ద ఓడ వస్తుంటే ఎందుకు తప్పుకోలేదన్నదే తేలలేదు. చెవి ఎముక లోపలి అంచు నున్నగా ఉంటే వినపడినట్టు, పురుగు తొలిచినట్టుంటే చెవుడు. ఒక చెవి ఎముక ఒడ్డునే నలిగిపోయింది. రెండోది దొరకలేదు.

ఆ రెండోది ఇక్కడే, డబ్లిన్‌లో, కొడుకు అమర్‌నాథ్ ఇంట్లో, పూజగదిలో వెండి పళ్ళెంలో ఉంది. నిరుడు మనవరాలిని చూడబోయిన ఆవిడ భర్త కొండల్ రావు అదే ఒడ్డున దాన్ని ఏరుకొచ్చి, సముద్రుడు తనకోసం పంపిన శంఖమన్నాడు. రోజూ పాలతో, తేనెతో అభిషేకం. శనివారాలు చుట్టుపక్కలవాళ్ళకి తీర్థం. కరెంటాఫీసులో ఫైళ్ళు తోసి రిటైరైన మనిషి కళ్ళు మూసుకుని స్వామీజీలా చెయ్యెత్తేవాడు. అది చూసినప్పుడల్లా అనంతలక్ష్మి వంటింట్లోకి వెళ్ళిపోయేది. వీడియో కాల్‌లో ఆ పళ్ళెం కనబడగానే నైనిక గుర్తుపట్టి, దానికోసమే వచ్చింది. బయల్దేరేముందు తాతని అడిగింది.

“తాతయ్యా, అది శంఖం కాదు, వేల్ చెవి బోన్. ఒక్క వీక్ ఇవ్వు, స్కాన్ చేసి తెస్తాను.”

“నువ్వెళ్ళి చేపల బొమికలు కడుక్కోమ్మా. శంఖం సంగతి నాకు చెప్పకు.”

“వేల్ చేప కాదు. నీలాగే పాలు తాగి పెరుగుతుంది.”

అనంతలక్ష్మి నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంది. తనే వెళ్ళి పళ్ళెం తెచ్చి మనవరాలి చేతిలో పెట్టింది.

నైనిక ఎముకని కిటికీ దగ్గర తిప్పి చూసి, “ఈ హోల్ ఏంటి?” అంది.

“శంఖమన్నాక ఊదొద్దూ? గరాజ్‌లో నేనే డ్రిల్ చేశాను. లోపలి అంచు అడ్డమొస్తోందని అరగదీశాను.”

“మోగిందా?”

“మోగుతుంది. భక్తి ఉండాలి.”

చూడాల్సిన అంచు పొడై ఎప్పుడో వాక్యూమ్‌లోకి పోయింది. ఆ తిమింగలానికి ఓడ వినపడిందో లేదో ఇక ఏ ఎముకా చెప్పదు. నైనిక కళ్ళు తుడుచుకుంటుంటే కొండల్ రావుకి మడి గుర్తొచ్చింది.

“చచ్చినవాటి ఎముకలు పిసికే చేతుల్తో పూజసామాను ముట్టుకుంటావా? ఆ పని మానేదాకా ఈ గడప తొక్కకు.”

ఏడాదిగా ఎముక కడిగిన పాలు తాగి, ఊరందరి చేతా తాగించిన మనిషి మడి అది.

“మరి మీ కడుపులోకి పోయినదాన్ని ఏం చేస్తారు?” అంది అనంతలక్ష్మి.

ఆయన పళ్ళెం లాక్కుని పూజగదిలోకి నడిచాడు. అమర్‌నాథ్ సోఫాలోంచి, ఫోన్ మీద నుంచి తలెత్తకుండా, “నాన్నగారి బీపీ పెంచకండి,” అన్నాడు. అంత ఇల్లు కొన్నవాడు కన్నకూతురి బ్యాగు అందుకోవడానికైనా లేవలేదు.

నైనిక బ్యాగు తగిలించుకుని, నాయనమ్మని ఒక్కసారి గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది. ఆ శనివారం తీర్థం మామూలుగానే పంచారు.

నైనిక మళ్ళీ ఆ ఇంటికి రాలేదు. ఆ రోజు గడప దాటింది రెండువేల ఇరవైమూడు, మే నెలలో.