బరువెక్కిన మిషను

టైలర్ మాస్టారికి కోపమొస్తే ముందు కత్తెర చప్పుడు పెరుగుతుంది, ఆ తర్వాత గొంతు. ఆ నెలంతా రెండూ పెరుగుతూనే ఉన్నాయి. కారణం ఆయన తొక్కుడు మిషను. పెళ్ళయిన ఏడాది కొన్నది. పెళ్ళాంకన్నా అదే తన మాట బాగా వింటుందని ఆయన అందరితో చెప్పుకునేవారు. అలాంటిది ఇప్పుడు మొండికేసింది. కర్టెన్ అంచు సగం కుట్టేసరికి కుడి పిక్క రాయిలా బిగుసుకుపోతోంది. కాసేపు ఆగితే వదిలేస్తోంది. మళ్ళీ తొక్కితే మళ్ళీ అదే వరస.

ఇంకెవరైనా అయితే కాలు చూసుకునేవారు. మాస్టారు సిగరెట్టు ముట్టించి మిషను చూసుకున్నారు. నూనె పోశారు, బెల్టు మార్చారు, చివరికి మెకానిక్‌ని పిలిపించారు.

మెకానిక్ నెమ్మదస్తుడు. మిషనంతా విప్పి, తుడిచి, బిగించి వెళ్ళాడు. మర్నాటికి మళ్ళీ బరువెక్కింది. రెండోసారి వచ్చినప్పుడు స్టూలు మీద తానే కూర్చుని తొక్కి చూశాడు. చక్రం సునాయాసంగా తిరిగింది.

"మిషన్లో ఏం లేదు మాస్టారూ. మీ కాలే ఓసారి డాక్టరుకి చూపించుకోండి."

మాస్టారు అంతెత్తున లేచారు. "నీ చేతకానితనం నా కాలి మీదకి నెడతావా? మళ్ళీ నా గుమ్మం తొక్కకు!"

బట్టలివ్వడానికొచ్చిన వాళ్ళంతా నోళ్ళు వెళ్ళబెట్టి చూశారు. మెకానిక్ పనిముట్లు సర్దుకుని, గుమ్మం దగ్గర మాస్టారి భార్యతో మాత్రం, "అమ్మా, ఆలస్యం చెయ్యకండి," అనేసి వెళ్ళిపోయాడు.

కాజాలు కుట్టేది ఆవిడే. "డాక్టరు దగ్గరికి రాకపోతే మీ కాజాలు మీరే కుట్టుకోండి," అంది. మాస్టారు దేన్నయినా ఎదుర్కోగలరు, కాజాల్ని తప్ప.

ఆస్పత్రిలో కూర్చోబెట్టి బీపీ చూశారు. మామూలుగానే ఉంది. "చూశావా?" అన్నట్టు భార్య వైపు కళ్ళెగరేశారు. డాక్టరు ఆయన చీలమండ దగ్గర వేళ్ళతో నాడి వెతికి వెతికి, ట్రెడ్‌మిల్ అనే నడక మిషనెక్కమంది. కాసేపటికే పిక్క పట్టేసింది. మాస్టారు పళ్ళు బిగబట్టి నడిచారు. చేతికున్న పట్టీలో బీపీ అమాంతం పెరగడం చూసి డాక్టరు చటుక్కున మిషనాపేసింది.

"కాలికెళ్ళే రక్తనాళం సన్నబడింది మాస్టారూ. పనిచేసే కండకి రక్తం చాలక గోల పెడుతోంది. ఆ గోలకి ఒళ్ళంతా హడావిడి పడి బీపీని పైకి తోసేస్తోంది. కూర్చుంటే అన్నీ మామూలే, అందుకే ఇన్నాళ్ళూ బయటపడలేదు. ఇలాగే బిగబట్టి తొక్కుతూపోతే గుండెకే ప్రమాదం. మంచి టైముకొచ్చారు."

"అయితే... మిషను మానెయ్యాలా?" అన్నారు మాస్టారు. చేతనైన పని అదొక్కటే. అది పోతే తాను ఎవరికీ ఏమీ కాడు.

"మానాల్సింది సిగరెట్టు. మందులు వాడండి. మిషనుకి మోటారు పెట్టించుకోండి. రోజూ నడవండి; పట్టేస్తే ఆగి, వదిలాక మళ్ళీ నడవండి. మేం చూసుకుంటాం."

మాస్టారు ఏడ్చినంత పని చేశారు. ఆ సంతోషం వెనకే సిగ్గూ వచ్చింది.

మర్నాడు ఆగుతూ ఆగుతూ మెకానిక్ కొట్టుకి నడిచి వెళ్ళారు. అతను గబుక్కున లేచి, "మళ్ళీ బరువెక్కిందా మాస్టారూ?" అన్నాడు.

"లేదు నాయనా. కాలే. నువ్వు చెప్పుండకపోతే నేనింకా దానికి నూనె పోస్తూనే ఉండేవాణ్ణి. నలుగురిలో నిన్ను నానా మాటలన్నాను. నీ మేలు మర్చిపోను."

మెకానిక్ స్టూలు తుడిచి కూర్చోబెట్టాడు. స్పానరు చేతిలో తిప్పుతూ చెప్పాడు.

"మా నాన్న పోస్ట్‌మాన్ మాస్టారూ. పిక్క పట్టేస్తే చెప్పుల్ని తిట్టేవాడు. అడిగినప్పుడల్లా కొత్తవి కొనిచ్చేవాళ్ళం. ఓ రోజు ఎవరింటికో ఉత్తరమివ్వడానికి మెట్లెక్కుతూ పడిపోయాడు, మళ్ళీ లేవలేదు. అప్పుడు కూడా మేం, చెప్పు జారిందనే అనుకున్నాం."

మాస్టారు నూనె మరకలున్న ఆ చేతిని తన రెండు చేతుల్లోకీ తీసుకుని అలాగే కూర్చున్నారు.