రెండు జవాబులు

నలభై మూడో గొంతు అయ్యాక ఎలీసమ్మ హెడ్‌ఫోన్లు పైకి జరిపి చెవులు రుద్దుకుంది. మళ్లీ పెట్టుకుని తర్వాతిది నొక్కింది. వినేటప్పుడు ఆమె కళ్లు మూసుకుంటుంది. యాభై ఆరేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు, బిగించి ముడేసిన నెరిసిన జుట్టు, ఏళ్ల తరబడి పెన్ను ఒత్తుకుని కాయ కాసిన నడివేలు.

చీపురుపల్లి స్టేషన్ రోడ్డులో ఎరువుల కొట్టు పై అంతస్తు అది. పన్నెండు కంప్యూటర్లు. ఇక్కడి మనుషులు ఫోనులో అడిగిన ప్రశ్న ఒకటి వినిపిస్తుంది, తర్వాత రెండు యంత్రాలు చెప్పిన జవాబులు. ఒకటి ఈ పని ఇచ్చిన పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీది, రెండోది దాని పోటీ కంపెనీది. ఏది ఎవరిదో వినేవాళ్లకు చెప్పరు. మెరుగైనదాని మీద నొక్కాలి. ఈ ప్రాంతపు మాట అర్థం చేసుకునే ఫోను ముందు ఎవరు తెస్తారన్నది వాళ్ల పందెం.

ఎలీసమ్మకు ఆ పందెం పట్టదు. ఆమదాలవలసలో ఒక ఆసుపత్రిలో ఇరవై ఆరేళ్లు ఓపీ చీటీలు రాసింది. రోగి చెప్పుకున్న బాధ విని, అర్థం చేసుకుని, రెండు ముక్కల్లో డాక్టరుకు రాయడం ఆమె పని. అది కంప్యూటరులోకి మారాక మానిపించారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ పొద్దున్న రైల్లో ఇక్కడికి, సాయంత్రం రైల్లో ఇంటికి.

నలభై నాలుగోది ఒక ముసలాయన గొంతు.

"గుండెల మీద రాయెట్టినట్టున్నాది. ఎడం సెయ్యి లాగేస్తన్నాది. ఏటి సెయ్యాల?"

మొదటి యంత్రం తీయటి గొంతుతో, చేతికి నూనె రాసి బరువులు ఎత్తవద్దంది. రెండోది తడబడుతూ, అక్షరాలు మింగుతూ, వెంటనే ఆసుపత్రికి వెళ్లమంది.

ఎలీసమ్మ రెండోదాని మీద నొక్కింది. కారణం రాసే గడిలో ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేసింది: 'ఇది గుండెపోటు. మొదటిదాని మాట వింటే మనిషి చచ్చిపోతాడు.'

సూపర్‌వైజరు సుహాసిని వచ్చి ఆమె కుర్చీ పక్కన నిలబడింది. పాతికేళ్ల పిల్ల.

"పిన్నీ, అది మార్సియ్యి. మొదటిదే మనోల్లది. మనదే బాగున్నాదని రేపటికల్లా రిపోర్టు ఎల్లాల. నేకపోతే సెంటరు ఎత్తేస్తారంట."

"నాను ఓసారి ఇలాగే తప్పు రాసినానమ్మా. గుండె నొప్పిని గ్యాసు అని రాసినాను. దాలయ్య అని ఒకాయన, లైన్లో నాలుగో మనిషి. డాక్టరు పిలిసీలోగా బల్ల మీదే పోనాడు." ఆమె గొంతు పెంచలేదు. "ఇది మార్సను."

సుహాసిని తెర మీది ఆ వాక్యం మళ్లీ చదివింది.

"సరే, ఉండనీ" అని తన బల్ల దగ్గరికి వెళ్లి, రిపోర్టు ఉన్నదున్నట్టు పంపింది.

ఆ వాక్యాన్ని పెద్ద ఆఫీసులో ఎవరో చదివారు. తప్పు సరిచేయడానికి తమ ఫోను విడుదల మూడు వారాలు ఆపారు. ఈలోగా పోటీ కంపెనీ ఫోను బజారులోకి వచ్చేసింది. నెల తిరక్కుండా చీపురుపల్లి సెంటరు మూసేస్తున్నట్టు కబురొచ్చింది.

చివరి రోజు ఎలీసమ్మ తన వంతు గొంతులన్నీ విని కంప్యూటరు కట్టేసింది.

"ఏటి సేస్తావు పిన్నీ ఇకన?" అని అడిగింది సుహాసిని.

"సూడాల. రైలు టైమైపోనాది" అని ఆమె మెట్లు దిగిపోయింది.

సుహాసిని లైట్లు ఆర్పుతూ వచ్చింది. ఎలీసమ్మ కుర్చీలో, పాత చీర ముక్కలతో కుట్టిన దిండు ఒకటి ఉండిపోయింది, నడుమ కూర్చున్న చోట గుంటపడి.